ఊరి కోడి సిటీకి.. ఊళ్లో కూరకు బ్రాయిలర్! మూడు జిల్లాల్లో మారుతున్న లెక్క

ఆదివారం వచ్చిందంటే చాలు.. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో చికెన్ షాపుల ముందు పొద్దున్నే రద్దీ మొదలవుతుంది. ఇప్పుడు ఊళ్లలోనూ అదే సీన్. 2014 నాటి ఎస్ఆర్ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన వారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. అయితే అందరూ తినేది ఒకే కోడి కాదు, కొనే తీరూ ఒకటి కాదు.

పట్నంలో అలా.. పల్లెలో ఇలా

నెల జీతం వచ్చే ఇళ్లలో, ముఖ్యంగా భూపాలపల్లి సింగరేణి కార్మికుల కుటుంబాల్లో, చికెన్ వారం వారం ఉండాల్సిందే. అడిగేది ఎక్కువగా స్కిన్‌లెస్. కూలి డబ్బులపై నడిచే ఇళ్లలో మాత్రం చేతిలో పైసలున్నప్పుడే కూర. స్కిన్‌తో తీసుకుంటే కిలోకు కొంత తక్కువ పడుతుందని అదే కొంటారు.

మరి పెరట్లో తిరిగే నాటు కోడి? అది పండక్కో, చుట్టం వస్తేనో తప్ప కోయరు. దవాఖాన ఖర్చుకో, పిల్లల నోటు పుస్తకాలకో అమ్ముకునే చిన్న పొదుపు అది. ధర బ్రాయిలర్‌కు రెట్టింపు పైనే పలుకుతుంది. అందుకే నాటు కోడిని అమ్మి, ఇంటికి బ్రాయిలర్ తెచ్చుకోవడం మామూలైపోయింది.

రేటు ఎందుకు ఊగుతోంది?

బ్రాయిలర్ పెంపకం ఖర్చులో 60 నుంచి 70 శాతం దాణాదే. దాణా అంటే మక్కలు, సోయా. మహబూబాబాద్ రైతుకు మక్కలకు మంచి ధర వస్తే సంతోషం. అదే ధర కోళ్ల ఫారానికి భారం, చివరికి కొనేవాడికీ భారం. ఎండాకాలంలో వడదెబ్బకు కోళ్లు చనిపోయి సరుకు తగ్గుతుంది. శ్రావణం, కార్తీకంలో గిరాకీ పడిపోతుంది. కంపెనీ పిల్లలు, దాణా ఇచ్చి పెంచమనే ఇంటిగ్రేషన్ పద్ధతిలో రైతుకు దక్కేది కిలోకు ఇంత అని పెంపకం కూలీయే. షాపులో రేటు పెరిగినంత మాత్రాన ఆయన ఆదాయం అదే లెక్కన పెరగదు.

పుకారుకే పడిపోయిన గిరాకీ

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ కాగానే తెలంగాణ సరిహద్దుల్లో కోళ్ల వాహనాలను ఆపేశారు. వ్యాధి కనిపించని ఊళ్లలోనూ జనం చికెన్ మానేశారు. 70 డిగ్రీల వేడిలో బాగా ఉడికిస్తే ఈ వైరస్ బతకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రమాదం ఎక్కువగా జబ్బు పడిన, చనిపోయిన కోళ్లను ముట్టుకునే దగ్గరే.

అసలు దెబ్బ కొక్కెర తెగులుదే

బర్డ్ ఫ్లూ వార్తల్లోకి వస్తుంది. కొక్కెర తెగులు రాదు. కానీ పెరటి కోళ్లను ఊరికి ఊరే ఊడ్చేసేది ఇదే. టీకా ఉంది, ఖరీదూ ఎక్కువేం కాదు. చిక్కంతా సీసా దగ్గరే. ఒక్కో సీసాలో వందకు తక్కువ కాకుండా డోసులుంటాయి. చల్లగా దాచాలి, కలిపాక రెండు మూడు గంటల్లో వాడేయాలి. అయిదారు కోళ్లున్న ఇల్లు సీసా మొత్తం ఏం చేసుకుంటుంది? అందుకే చాలామంది వేయించరు. గూడూరు, కొత్తగూడ లాంటి ఏజెన్సీ మండలాల్లోని తండాలు, గూడేల్లో మంచుపెట్టెలో టీకా చేర్చడం ఇంకో తిప్పలు.

దారి లేకపోలేదు. ఒక రోజు అనుకుని వాడ మొత్తం కోళ్లకు ఒకేసారి వేయిస్తే సీసా వృథా కాదు. తెగులు ఇంటింటికీ పాకదు. కోళ్లు పొద్దున గూళ్ల నుంచి బయటికి రాకముందే వేస్తే పట్టుకోవడమూ తేలికే. మహిళా సంఘాలు ముందుకొచ్చి, పశువైద్య సిబ్బంది ఎండాకాలానికి ముందే తేదీ ప్రకటిస్తే చాలు. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను పెంచినా టీకా తప్పదు.

చికెన్ రేటు ఈ వారం పెరిగి వచ్చే వారం దిగుతుంది. తెగులుకు పోయిన కోళ్లు మాత్రం తిరిగి రావు. ఆ ఇంటికి అది కూర నష్టం కాదు, పొదుపు నష్టం.