రసీదు లేని బెల్టు

ఆమధ్య ఓ ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పోర్షే కొన్నా!" అన్నాడు. ఆ గొంతులో సంబరం వింటే కొత్త కారేమో అనుకున్నాను. కాదు, 1987 మోడల్ 944. "హైస్కూల్లో నోటుపుస్తకం అట్ట మీద దీని బొమ్మే అంటించుకున్నాను బావా" అన్నాడు.

"బాగుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారట?"

"శుభమా అని కారు కొంటే అదేం ప్రశ్న? రెండేళ్ల కిందట మార్పించానని అమ్మినాయన చెప్పాడు."

"రసీదు ఇచ్చాడా?"

అవతల నిశ్శబ్దం.

"ఇంటిదాకా వచ్చింది, అదే నీ అదృష్టం. ఇక సెల్ఫ్ కొట్టకు. తాళాలు మా చెల్లెమ్మ చేతికిచ్చెయ్" అన్నాను. వాడు నొచ్చుకున్నాడు. నేను చాదస్తంతో అన్న మాట కాదని చెప్పడానికి అరగంట పట్టింది.

ఇంజిన్‌లో కింద క్రాంకు, పైన క్యామ్‌షాఫ్టు ఉంటాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఈ రెంటినీ కలిపేది పళ్లున్న రబ్బరు పట్టీ. అదే టైమింగ్ బెల్టు. 944లో తెరుచుకున్న వాల్వు కిందికి దిగే చోటు, పిస్టన్ పైకొచ్చే చోటు ఒక్కటే. ఒకరు తప్పుకున్నాకే మరొకరు రావాలి. సింగిల్ లైను మీద ఎదురెదురు రైళ్లను నడిపే స్టేషన్ మాస్టరు లాంటిదన్నమాట ఈ బెల్టు. నిమిషానికి 6,000 చుట్ల వేగంలో క్రాంకు సెకనుకు 100 సార్లు తిరుగుతుంది. అప్పుడు బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లు ఆగవు. వాల్వులు వంగిపోతాయి. హెడ్డు దింపాల్సిందే. ఆ ఖర్చు ఒక్కోసారి కారు కొన్న ధరను కూడా దాటేస్తుంది.

ఇంకో చిక్కుంది. రబ్బరుకు వయసు కూడా లెక్కే. ఈ కారున్నవాళ్లు సాధారణంగా 30 వేల మైళ్లకో, నాలుగేళ్లకో, ఏది ముందైతే అప్పుడు బెల్టు మారుస్తారు. పాత స్పోర్ట్స్ కారు ఆదివారాలు తప్ప బయటికి రాదు. 'తిరిగిందే లేదు, అప్పుడే మార్చడమేమిటి' అనుకుంటాడు యజమాని. ముంచేది ఆ ధీమానే.

షెడ్డువాళ్లు అడిగిన డబ్బు విని మావాడు తనే చేస్తానన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కదా, తప్పు చేస్తే వెనక్కి తిప్పుకోవడం అలవాటు. "ఇక్కడ కుదరదురా, ఈ క్రాంకును వెనక్కి తిప్పకూడదు" అని ముందే హెచ్చరించాను.

మూత విప్పాక మళ్లీ ఫోన్. "చూశావా బావా! బెల్టు మీద అక్షరాలు కూడా చెరగలేదు. పెద్దాయన అబద్ధం చెప్పలేదు." నిజం చెప్పొద్దూ, నాకు కాస్త సిగ్గేసింది. అయినా "ఆ రోలర్లను వేలితో తిప్పి చూడు" అన్నాను. తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగరమన్నాయి. వాటర్ పంపు దగ్గర కూలెంట్ కారి ఎండిన చారలున్నాయి. పంపు పుల్లీని పట్టి కదిపితే ఊగుతోంది.

944లో వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. పంపు బేరింగ్ పట్టేసిందా, బెల్టు నిన్న వేసిందైనా ఒకటే, పదేళ్ల కిందటిదైనా ఒకటే. పెద్దాయన నిజమే చెప్పాడు. బెల్టు మాత్రమే మార్పించాడు!

ఇక అన్నీ తెప్పించాడు. టైమింగ్ బెల్టు, రోలర్లు, పంపు, ముందువైపు ఆయిల్ సీళ్లు. సీలు కారితే ఆయిలు రబ్బరును తినేస్తుంది. దాంతోపాటు రెండో బెల్టు. నాలుగే సిలిండర్లతో రెండున్నర లీటర్ల ఇంజిన్ కాబట్టి అదురు ఎక్కువ. దాన్ని అణచడానికి క్రాంకుకు రెట్టింపు వేగంతో తిరిగే బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టారు. ఈ ఏర్పాటు పేటెంటు మిత్సుబిషిది. పోర్షే రాయల్టీ కట్టి వాడుకుంది. ఆ షాఫ్టులను తిప్పే బెల్టు తెగి పక్కదాన్లో చిక్కుకుంటే మళ్లీ వాల్వులకే ముప్పు. అందుకే రెండూ కలిపి మార్చాలి.

అసలు పరీక్ష బిగింపులో ఉంది. మరీ బిగిస్తే బెల్టు కూత పెడుతుంది, పంపు బేరింగ్‌ను అరగదీస్తుంది. వదులైతే పన్ను జారుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, గేజు పెట్టి చూడాలి. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టకుండా, స్పానర్‌తో క్రాంకును చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పాలి. ఎక్కడైనా అడ్డం తగిలితే అక్కడే ఆగిపోవాలి. ఫ్లైవీల్ మీది గుర్తు, క్యామ్ చక్రం గుర్తు తిరిగి సరిగ్గా కలవాలి. మావాడికి మొదటిసారి ఒక్క పన్ను తేడా వచ్చింది. విసుక్కోకుండా మళ్లీ విప్పి బిగించాడు. వాణ్ణి నేను మెచ్చుకున్నది ఆ ఒక్క పనికే.

మూడో ఆదివారం ఇంజిన్ స్టార్టయింది. ఫోన్‌లోనే ఆ చప్పుడు వినిపించాడు. "2,000 మైళ్లు తిరిగాక బిగింపు మళ్లీ చూసుకో" అన్నాను.

"పెద్దాయనకు ఫోన్ చేసి నాలుగు దులపనా?" అన్నాడు.

"వద్దు. ఓ కాగితం తీసుకుని తేదీ, మైళ్లు, మార్చిన సామాను పేరు పేరునా రాయి. రసీదులు జతచేసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టు. రేపు నీ దగ్గర కొనేవాడు ఏమీ అడగనక్కర్లేకుండా ఉండాలి" అన్నాను.

మీకు పోర్షే లేకపోవచ్చు. మన మారుతి 800లోనూ ఉండేది టైమింగ్ బెల్టే. సెకండ్ హ్యాండ్ కారు కొంటే అందులో ఉన్నది చెయినో బెల్టో మాన్యువల్‌లో చూడండి. బెల్టయితే ఎప్పుడు మార్చారో, దాంతోపాటు ఏమేం మార్చారో అడగండి. కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. అమ్మేవాడు ఎంత మంచివాడైనా సరే!