నోటి మచ్చలను అశ్రద్ధ చేయరాదు

ముమ్మిడివరం: క్యాన్సరు పరిశోధన అంటే ఎక్కడో పట్నాల్లో, పెద్దాస్పత్రుల్లో జరిగే వ్యవహారమని పల్లెజనం అనుకోవడం కద్దు. కాని పొగాకు నోటికి చేసే చేటు గురించిన కొన్ని ముఖ్య విషయాలు మన కోస్తా పల్లెల్లోనే తేలాయి.

చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టి పీల్చే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం జిల్లాలో, అందునా స్త్రీలలో, హెచ్చు. దానివల్ల అంగిటికి క్యాన్సరు వస్తున్నదని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే ప్రకటించారు. తర్వాత డెన్మార్కు నిపుణుడు పిండ్‌బోర్గ్, మనదేశపు వైద్యులు కలసి ఆ జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు వెల్లడించారు. కొత్త మందు లేదు, కోత లేదు. నోరు తెరిపించి చూడడమే ఆ పరిశోధన!

1986లో వెలువడిన ఫలితం మరీ గమనార్హం. శ్రీకాకుళంతోపాటు కేరళ, గుజరాతులలో 36,000 మందికి పొగాకు మానమని నచ్చజెప్పగా, కొత్తగా నోటి మచ్చలు వచ్చేవారి సంఖ్య తగ్గింది.

కోనసీమకు చుట్ట కొత్త కాదు. ఇప్పుడు ఖైనీ, గుట్కా తోడయ్యాయి. చిక్కంతా ఒక్కటే, ఈ మచ్చలు తొలుత నొప్పి పెట్టవు. నొప్పి లేనిదే కూలి మానుకుని ఆస్పత్రికి పోయేదెవరు? ముప్పై ఏళ్లు దాటినవారి నోరు పరీక్షించడం ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నదే. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నోరు చూడమని అడగవచ్చు.