నెల తక్కువ బిడ్డలు... నిజం రాసే ఉద్యోగాలు

‘ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే కష్టం’. మా శింగనమల వైపు ఈ మాట వినని ఇల్లుండదు. మన తెలుగు పల్లెల్లో చాలాచోట్ల ఈ నమ్మకం ఉంది. లెక్క చూస్తే మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డకు బలమే. ఏడో నెల బిడ్డ కంటే ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ. ఈ సంగతి మనకెలా తెలిసింది? ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువుంది, తర్వాత ఏమైంది అని వేలమంది బిడ్డల గురించి ఎవరో ఆస్పత్రుల్లో కూర్చుని ఓపిగ్గా రాసిపెట్టారు కాబట్టి తెలిసింది. పద్ధతి ప్రకారం చేసే ఆ పనినే ఇప్పుడు క్లినికల్ రీసెర్చ్ అంటున్నాం.

బీటెక్, బీఫార్మసీ, నర్సింగ్, మైక్రోబయాలజీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘అన్నా, క్లినికల్ రీసెర్చ్ కోర్సు చేస్తే జాబ్ వస్తుందా? ప్యాకేజీ ఎంత?’ అలా అడగడంలో తప్పేం లేదు. వాన పడితే పంట, లేదంటే బెంగళూరు బస్సు అన్నట్టుండే జిల్లా మనది. జీతం గురించి అడగకుండా ఎలా ఉంటారు? కాకపోతే దానికంటే ముందు అడగాల్సింది వేరే ఉంది: ఆ ఉద్యోగంలో రోజంతా చేసేదేంటి, అది సరిగ్గా చేయకపోతే నష్టపోయేదెవరు? నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో జరిగిన పరిశోధనలు చూస్తే దీనికి సూటిగా జవాబు దొరుకుతుంది.

ఆక్సిజన్ నేర్పిన పాఠం

1940ల్లో అమెరికా ఆస్పత్రులు నెల తక్కువ బిడ్డల్ని ఇంక్యుబేటర్లలో పెట్టి ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చేవి. ఊపిరి అందని బిడ్డకు ఆక్సిజన్ ఎంత ఎక్కువైతే అంత మేలని అందరి నమ్మకం. అదే కాలంలో ఆ బిడ్డల్లో చూపు పోవడం మొదలైంది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 10,000 మంది పిల్లలు అంధులయ్యారని అంచనా. 1950లో పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వాళ్లలో ఒకరు.

వాషింగ్టన్‌లోని ఒక ఆస్పత్రిలో ఆర్నాల్ పాట్జ్ అనే యువ కంటి డాక్టరుకు ఆక్సిజన్ మీదే అనుమానం వచ్చింది. బిడ్డల్ని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు తక్కువ ఆక్సిజన్ ఇచ్చి చూద్దామన్నాడు. అప్పుడొక చిత్రం జరిగింది. తక్కువ ఆక్సిజన్ ఇస్తే పసికందులు చచ్చిపోతారేమోనని కొందరు నర్సులు రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా కుళాయి తిప్పేసేవారు. వాళ్లది జాలే, కాదనలేం. కానీ రికార్డులో ‘తక్కువ’ అని ఉండి, బిడ్డకు ‘ఎక్కువ’ అందితే ఆ లెక్కతో నిజమెలా తేలుతుంది? చివరికి 1953–54లో 18 ఆస్పత్రులు కలిసి చేసిన పెద్ద అధ్యయనంతో పాట్జ్ అనుమానమే నిజమని రుజువైంది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆక్సిజన్ బాగా తగ్గించేసరికి చూపు నిలబడింది గానీ, ఊపిరందక పోయే ప్రాణాలు పెరిగాయి. ఎంత ఇస్తే సరి అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. 2010లో వెలువడిన ‘సపోర్ట్’ అధ్యయనంలో 24 నుంచి 27 వారాల మధ్య పుట్టిన 1,316 మంది శిశువుల్ని పరిశీలించారు. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని 85–89 మధ్య ఉంచిన గుంపులో 19.9 శాతం, 91–95 మధ్య ఉంచిన గుంపులో 16.2 శాతం మంది ఆస్పత్రి దాటకముందే చనిపోయారు. బతికినవాళ్లలో తీవ్రమైన కంటి జబ్బు మాత్రం మొదటి గుంపులో 8.6 శాతం, రెండో గుంపులో 17.9 శాతం. ఒకవైపు ప్రాణం, ఇంకోవైపు చూపు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఊహతో తేల్చలేని సంగతి ఇది. ఒక్కో బిడ్డ రీడింగునూ ఉన్నదున్నట్టు నమోదు చేస్తేనే తేలింది.

అక్కడ పనిచేసింది ఇక్కడ చేస్తుందా?

నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు డాక్టర్లు దీని మేలును రుజువు చేశారు. మరి దీన్నే పేద దేశాల్లో ఊరూరా ఇస్తే ఎలా ఉంటుంది? భారత్‌తో కలిపి ఆరు దేశాల్లో దాదాపు లక్ష కాన్పుల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. చిన్న బిడ్డలకు మేలు కనపడలేదు సరికదా, మొత్తం మీద శిశు మరణాలు కాస్త పెరిగాయి. 2020లో డబ్ల్యూహెచ్‌వో మళ్లీ ఇంకో అధ్యయనం చేయించింది. అందులోనూ భారత్ ఉంది. ఈసారి స్కానింగుతో వారాలు లెక్కగట్టి, పసిబిడ్డల్ని చూసుకునే వసతులున్న ఆస్పత్రుల్లోనే ఇచ్చారు. శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి.

రెండింట్లో ఇచ్చింది ఒకే రకం మందు. తేడా ఎక్కడొచ్చింది? ఎన్నో వారమో కచ్చితంగా తెలియడం, పుట్టాక సరైన సంరక్షణ దొరకడం. ఆ మొదటి దాని దగ్గరే మన పల్లెటూరి పిల్లల అవసరం పడుతుంది. స్కానింగ్ లేని తల్లిని ‘చివరి నెలసరి తేదీ ఎప్పుడమ్మా’ అని ఇంగ్లిష్ క్యాలెండర్ పెట్టి అడిగితే ఏం చెబుతుంది? ‘ఉగాదికి ముందా, తర్వాతా? శెనక్కాయలు విత్తే ముందా, పీకినాకనా?’ అని అడగడం తెలిసినవాళ్లకే సరైన వారం దొరుకుతుంది.

కంటి పరీక్షల్లోనూ ఇదే సంగతి. అమెరికాలో 1,500 గ్రాముల లోపు, లేదా 30 వారాల లోపు పుట్టిన బిడ్డలకు ఈ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో అంతకంటే బరువున్న బిడ్డలకూ ఈ జబ్బు వస్తోందని ఇక్కడి పరిశోధనల్లో తేలింది. అందుకే మన దగ్గర 2,000 గ్రాముల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన వాళ్లందరినీ పరీక్షించాలంటారు. పరాయి దేశం కొలతనే పట్టుకుని కూర్చుని ఉంటే ఎందరు పిల్లల చూపు పోయేదో!

ఈ పనిలో మన హైదరాబాద్‌ది ముందు వరుస. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో డాక్టర్ సుభద్రా జలాలీ 1990ల చివర్లోనే జంటనగరాల నవజాత శిశు కేంద్రాల్లో ఈ పరీక్షలు మొదలుపెట్టారు. పుట్టిన 30 రోజుల్లోగా కన్ను చూపించాలన్నది ఆమె ప్రచారం చేసిన సూత్రం. 28 వారాల లోపు, లేదా 1,200 గ్రాముల లోపు పుట్టినవాళ్లకైతే ఇంకా ముందే, రెండు మూడు వారాలకే చూడాలి. పొరుగున కర్ణాటకలో 2008 నుంచి ‘కిడ్‌రాప్’ కార్యక్రమం నడుస్తోంది. శిక్షణ పొందిన టెక్నీషియన్లు కెమెరా తీసుకుని జిల్లా ఆస్పత్రులకు వెళ్లి ఫొటోలు తీస్తారు. బెంగళూరులో ఉన్న నిపుణులు వాటిని చూసి చికిత్స ఎవరికి కావాలో చెబుతారు. ఆ ఫొటోలు తీసేవాళ్లు డాక్టర్లు కారు. బాగా నేర్చుకున్న మామూలు ఉద్యోగులే.

అమ్మ గుండెల మీద

పెద్ద యంత్రాలుంటేనే పరిశోధన అనుకోకండి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డల్ని తల్లుల గుండెలకు ఆనించి కట్టించారు. అదే కంగారూ మదర్ కేర్. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే ఇది చేయాలని చాలాకాలం అనుకున్నారు. పుట్టిన వెంటనే మొదలుపెడితే ఏమవుతుందో చూడ్డానికి డబ్ల్యూహెచ్‌వో ఐదు దేశాల్లో 3,211 మంది శిశువులతో అధ్యయనం చేయించింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి పాల్గొంది. 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి దిగాయి. మేలు అంత స్పష్టంగా కనిపించడంతో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి, 2022లో అది ప్రపంచం మొత్తానికీ సిఫార్సు అయింది. అక్కడ రోజూ జరిగిన పనేంటి? ఏ తల్లి ఎన్ని గంటలు బిడ్డను గుండెలకు హత్తుకుంది, బిడ్డ ఒళ్లు ఎంత వెచ్చగా ఉంది అని రాయడం. ఇరవై గంటలని అందంగా రాసేయడం సులువే. నిజంగా ఎన్ని గంటలో అడిగి రాయడమే ఉద్యోగం.

రాని బిడ్డల లెక్క

2020లో ప్రపంచంలో 37 వారాల లోపు పుట్టిన బిడ్డలు కోటీ 34 లక్షల మంది అని అంచనా. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. ఈ బిడ్డలు ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లాక ఎలా ఎదుగుతున్నారు? మెడ నిలబడిందా, నడిచిందా, మాటలొచ్చాయా? రెండేళ్లదాకా వెంటపడి చూస్తే గానీ చికిత్స గెలిచిందో లేదో తెలియదు.

ఒక ఊహా లెక్క వేద్దాం. వందమంది బిడ్డల్లో 70 మంది మళ్లీ పరీక్షకు వచ్చారు. వాళ్లలో ఏడుగురికి ఎదుగుదల సమస్య ఉంది. పది శాతమే అని రాసేయొచ్చా? రాని 30 మంది సంగతేంటి? వాళ్లందరూ బాగుంటే సమస్య ఉన్నది వందలో ఏడుగురికి. అందరికీ సమస్య ఉంటే 37 మందికి. ఏడు ఎక్కడ, ముప్పై ఏడు ఎక్కడ! పైగా రాకుండా పోయేది ఎక్కువగా ఎవరు? బస్సు చార్జీలు లేనివాళ్లు, కూలి పోతుందని ఆగిపోయేవాళ్లు, ఎండాకాలం రాగానే ఊరొదిలి వలసెళ్లేవాళ్లు. అంటే మన శింగనమల, నార్పల, పుట్లూరు మండలాల్లాంటి చోట్ల ఉండేవాళ్లు. లెక్కలోంచి జారిపోయేది మన పిల్లలే.

ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డను చూసి వెళ్తుంది. ఆ తర్వాత? పాత ఫోన్ నంబర్ పనిచేయకపోతే మేనమామ నంబర్ ఎవరినడగాలో, బెంగళూరులో ఏ పేటలో పనికెళ్లారో కనుక్కోవడం ఏ సాఫ్ట్‌వేర్‌కీ రాదు. ఊరు తెలిసిన మనిషికే వస్తుంది. ఎదుగుదల పరీక్షలో భాష కూడా అంతే ముఖ్యం. బొమ్మ చూపించి ‘వేరుశనగ ఏది?’ అనడిగితే మన పిల్ల బిక్కమొహం వేస్తుంది. ‘శెనక్కాయ ఏదే?’ అంటే టక్కున చూపిస్తుంది. మాట రాలేదని రాసుకుపోతే తప్పెవరిది? వయసు లెక్క కూడా తెలియాలి. పది వారాలు ముందే పుట్టిన బిడ్డకు ఏడాది నిండినా, తొమ్మిదిన్నర నెలల బిడ్డతోనే పోల్చాలి. ఇది తెలియక ‘వెనకబడింది’ అని ముద్ర వేస్తే ఆ తల్లి నిద్రపోదు.

సంతకం ఎవరిది?

పసిబిడ్డ ‘సరే’ అనలేదు. కాబట్టి తల్లిదండ్రుల సమ్మతే ఆధారం. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. చాలామంది విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టినట్టు బయటపడింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పినా, సమ్మతి విషయంలో జరిగిన అన్యాయం అన్యాయమే. 2019 కొత్త నిబంధనలు వచ్చాక చట్టం ఇంకా గట్టిపడింది. అయినా ఐసీయూ బయట వణుకుతూ నిలబడిన నాన్నకు ‘ఇది పరిశోధన. వద్దన్నా మీ బిడ్డకు చికిత్స ఆగదు’ అని తెలుగులో అర్థమయ్యేలా చెప్పాల్సింది చట్టం కాదు, అక్కడున్న కోఆర్డినేటర్. రేపు ఆ కుర్చీలో ఉండేది మీరే కావచ్చు.

ఫీజు కట్టే ముందు

‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అనే బోర్డు చూడగానే అప్పు చేసి ఫీజు కట్టకండి. ముందు ఖర్చు లేనివి చేయండి. దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఉంటాయి. 2009 జూన్ నుంచి అక్కడ నమోదు తప్పనిసరి. నవజాత శిశువుల మీద జరిగేవి ఒక పది తెరిచి చదవండి. ఏం కొలుస్తున్నారు, ఎంతమందిని, ఎన్నాళ్లు చూస్తున్నారో గమనించండి. చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ స్వయం, ఎన్‌పీటీఈఎల్ వేదికల్లో పరిశోధన ప్రాథమికాంశాల కోర్సు నడిపింది. జీసీపీ సర్టిఫికెట్ కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. గణాంకాలకు ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ ఫ్రీ. ఇవి నేర్చుకున్నాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు కోర్సు గురించి ఆలోచించండి.

చేదు నిజం కూడా తెలుసుకోండి. ఇలాంటి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటాయి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ కొలువంత ఉండదు. ఆఫర్ వస్తే కాంట్రాక్టు ఎన్నాళ్లు, ఊళ్లు తిరిగే ఖర్చు ఎవరిది అని మొహమాటపడకుండా అడగండి.

ఇంజినీరింగ్ పిల్లలకూ ఇందులో చోటుంది. పసిబిడ్డల కళ్ల ఫొటోలు తీసే ‘త్రీనేత్ర నియో’ కెమెరా తయారైంది బెంగళూరులోనే. మన జిల్లా నుంచి రోజూ బస్సులు పోయే ఊరది.

చివరిగా ఒక మాట మన యూనివర్సిటీలకు, ప్రభుత్వానికి. అనంతపురంలో జేఎన్‌టీయూ ఉంది, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, మెడికల్ కాలేజీ, సర్వజనాస్పత్రి ఉన్నాయి. బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆస్పత్రి నుంచి హెచ్‌ఐవీ, క్షయ మీద వచ్చిన పరిశోధనలు అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయ్యాయి. పల్లెటూరి ఆస్పత్రిలో రీసెర్చ్ ఏంటి అనేవాళ్లకు అదే సమాధానం. నెల తక్కువ బిడ్డల్ని రెండేళ్లపాటు వెంటాడి చూసే ఒక రిజిస్టరును ఈ సంస్థలన్నీ కలిసి మొదలుపెట్టాలి. ఆ పనికి స్థానిక గ్రాడ్యుయేట్లను తీసుకోవాలి, జీతం మర్యాదగా ఇవ్వాలి. మండలానికి ఒకరున్నా చాలు.

మీరు ఆ ఉద్యోగంలో చేరితే ఒక్కటే గుర్తుపెట్టుకోండి. బిడ్డ రాకపోతే ‘రాలేదు’ అని రాయండి. తర్వాత ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఊరికెళ్లండి. ఇరవై తొమ్మిదో రోజున దొరికినా ఆ కళ్లు దక్కే వీలుంటుంది.