బొందలగడ్డకు కాయిదం ఉన్నదా?

మనిషి సచ్చిపోతే పూడ్చిపెట్టనీకి సుప్రీంకోర్టు దాకా పోవాల్నా? ఒక కుటుంబం పోవాల్సి వచ్చింది. 2025 జనవరి 7న ఛత్తీస్‌గఢ్‌ల, బస్తర్ జిల్లా ఛింద్‌వాడ ఊరి పాస్టర్ ఒకాయన కన్నుమూసిండు. ఊరి బొందలగడ్డల పెట్టొద్దని కొందరు అడ్డం తిరిగిండ్రు. మా పెద్దలను గక్కడనే పెట్టినం, క్రైస్తవులకు పంచాయతీ నోటిమాటగ జాగ చూపెట్టిందని కొడుకు కోర్టుకెక్కిండు. దగ్గర దగ్గర ఇరవై రోజులు శవం మార్చురీలనే ఉన్నది.

జనవరి 27న ఇద్దరు జడ్జీలు రెండు తీర్లుగ చెప్పిండ్రు. సొంత పొలంల పెట్టుకోనియ్యాలె అన్నరు జస్టిస్ నాగరత్న. క్రైస్తవులకు కేటాయించిన తావులనే పెట్టాలె అన్నరు జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ. శవాన్ని ఇంక ఆపొద్దని, ఆఖరుకు ఇరవై కిలోమీటర్ల పైన దూరమున్న కర్కాపాల్‌ల పెట్టుమన్నరు.

గది బస్తర్ ముచ్చట, మనకేంది అనుకుంటున్నరా? మన మానుకోట జిల్లా డోర్నకల్ దిక్కు చూడుండ్రి. తిరునల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య ఇక్కడ మిషనరీగ పనిచేసి, 1912ల ఆంగ్లికన్ చర్చిల తొలి భారతీయ బిషప్ అయిండు. ఆయన కాలంల చర్చిల కలిసినోళ్లల్ల మాల, మాదిగలే ఎక్కువ. 1945 జనవరి 1న ఆయన పోయిండు. సమాధి డోర్నకల్ పెద్ద చర్చి ఆవరణలనే ఉన్నది. బిషప్ కాబట్టి గుర్తు మిగిలింది.

మరి పల్లెలల్ల తొలి చర్చిలు నిలబెట్టిన కూలోళ్ల బొందలేవి? శానా తావుల మట్టిదిబ్బలే. నాలుగు వానలకు నేలమట్టమైతయి. గా ముచ్చట ఎరిగిన ముసలోళ్లు పోతే, గక్కడ మనుషులు పండుకున్నరని చెప్పేటోళ్లే ఉండరు. భూమి ధర పెరిగిన్నాడు ముందుగాల కన్నువడేది గసొంటి జాగ మీదనే.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఊరి బొందలగడ్డ సర్వే నంబర్ ఎంత, రికార్డుల ఏమని రాసుందో తెలుసుకోండ్రి. హద్దురాళ్లు పాతించుమని పంచాయతీని అడుగుండ్రి. గ్రామసభల తీర్మానం రాయించుండ్రి. పాత చర్చిల ఖననాల రిజిస్టర్ ఉంటే పేజీ పేజీకి ఫోన్‌ల ఫోటో తీసి దాచుండ్రి. ఎవరి బొంద ఏడున్నదో అవ్వను, తాతను అడిగి రాసుకోండ్రి.

కాయిదం ఉంటే పగ పోతదని నేనంటలేను. గని అడ్డం నిలబడ్డోళ్ల ముందు చూపెట్టనీకి నోటిమాట కంటె గట్టిది ఒకటి చేతుల ఉంటది.