సగటు చాటున దాగే జాప్యం

కువైట్ నగరంలోని మిర్కాబ్‌లో, జీతాలందిన వారంలో ఇంటికి డబ్బు పంపేవారు ఎక్స్ఛేంజి కౌంటర్ల ముందు బారులు తీరుతారు. ప్రతి చెల్లింపూ ఏదో ఒక డిస్కు వ్యవస్థలో నమోదు కావలసిందే. అటువంటి వ్యవస్థల పనితీరును కనిపెట్టే సాఫ్ట్‌వేరును ఎంచుకొనేటప్పుడు రంగురంగుల గ్రాఫులకు ముచ్చటపడి, సగటుతో తృప్తి చెందటం పొరపాటు. వెయ్యి అభ్యర్థనలలో 980 రెండేసి మిల్లీసెకన్లలోనూ, తక్కిన 20 అరేసి సెకనులోనూ పూర్తయితే, సగటు 12 మిల్లీసెకన్లు దాటదు. బారులో నిలిచినవానికి సగటుతో పనేమిటి? క్యూ పొడవు, రాక వేగం, నిరీక్షణ కాలాల నడుమగల సంబంధాన్ని జాన్ లిటిల్ 1961లోనే నిరూపించారు. కనుక క్యూ పొడవునూ, అన్నిటికన్నా నెమ్మదైన నూటికొక వంతు అభ్యర్థనల జాప్యాన్నీ, డిస్కు యూనిట్ వద్దనే కాక సర్వర్ వద్ద కూడా, క్షణక్షణం చూపలేని సాఫ్ట్‌వేరు ఎంత పేరున్నదైనా కొనదగినది కాదు.