ఖూన్ కా రిష్తా అంటాం, ఖూన్‌ని మాత్రం అడగం

మొన్న బంధువుల ఇంట్లో ఒక రిష్తా మాట్లాడటానికి పెద్దవాళ్లతో పాటు నేనూ వెళ్లాను. అబ్బాయి పరాయివాడు కాదు, అమ్మాయికి సొంత ఫుప్పూ కొడుకు. "ఘర్ కీ బచ్చీ ఘర్ మేఁచ్ రహేగీ" అని ఇంట్లో పెద్దావిడ మురిసిపోయారు. మెహర్ ఎంత, వలీమా ఏ హాల్లో, ఎన్ని దేగ్‌ల బిర్యానీ... గంటన్నర గడిచింది. చాయ్ రెండోసారి వచ్చినప్పుడు నేను మెల్లగా అన్నాను: "మంగ్నీకి ముందు పిల్లలిద్దరికీ ఒక రక్తపరీక్ష చేయిస్తే బాగుంటుంది, థలసీమియా కోసం." అంతే, గది మొత్తం ఖామోష్. అమ్మాయి తండ్రి నా వైపు చూసి, "క్యా భాయ్, మా బచ్చీలో ఏదైనా ఐబ్ ఉందంటారా?" అన్నారు.

ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

జవాబు ఆ రోజు దస్తర్‌ఖాన్ మీదే ఉంది. బిర్యానీలో బియ్యం ఉంది. అది పిండిపదార్థం, అంటే గ్లూకోజ్ అణువులు గొలుసులా కలిసినది. మన ఒంటికి అది కట్టెల పొయ్యిలో కట్టె లాంటిది. నెయ్యి ఉంది. అది కొవ్వు. కొవ్వు అనగానే మనకు పొట్ట గుర్తొస్తుంది గానీ, ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉన్న పల్చని పొర కూడా ముఖ్యంగా కొవ్వులతో తయారైనదే. గోష్త్ ఉంది. అది ప్రోటీన్, ఇరవై రకాల అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ. తిన్న దండను ఒళ్లు తెంపి, పూసలు ఏరుకుని, తనకు కావలసిన దండలు మళ్లీ గుచ్చుకుంటుంది. ఈ పనులన్నీ జరిగేది నీళ్లలో. మన బరువులో సగానికి పైగా నీళ్లే.

నాలుగోది కంటికి కనపడదు. బియ్యంలోనూ ఉంది, గోష్త్‌లోనూ ఉంది, మన ప్రతి అవయవంలోనూ ఉంది. అదే డీఎన్ఏ. ఏ పూస తర్వాత ఏ పూస గుచ్చాలో రాసిపెట్టిన కితాబ్ అది. దాని భాషకు నాలుగే అక్షరాలు. రాసేది డీఎన్ఏ, పని చేసేది ప్రోటీన్. ఇంతవరకు మన పిల్లలు పదో తరగతి లోపే చదివేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. చదివినది ఇంటి దాకా రాదు. నా షికాయత్ అదే.

ఇప్పుడు ఖూన్ సంగతి. రక్తాన్ని ఎర్రగా ఉంచేది హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్. నాలుగు దండలు కలిస్తే ఒక హిమోగ్లోబిన్: రెండు ఆల్ఫా, రెండు బీటా. ఒక్కో దండ ఇనుము ఉన్న ఒక చిన్న ముక్కను పట్టుకుని ఉంటుంది. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను అందుకుని ఒళ్లంతా పంచేది ఆ ఇనుమే. బీటా దండలో పూసలు 146. వాటి వరస రాసి ఉన్న జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. అమ్మ నుంచి ఒక ప్రతి, అబ్బా నుంచి ఒక ప్రతి.

ఉర్దూ చదివినవాళ్లకు నుఖ్తా విలువ చెప్పక్కర్లేదు. పైనున్న నుఖ్తా కిందికి జారితే ఖుదా జుదా అయిపోతుంది. జన్యువులోనూ అంతే. మన దేశంలో బీటా థలసీమియాకు అన్నింటికంటే ఎక్కువగా కారణమయ్యే మార్పు ఒకే ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరంతో బీటా దండ తయారీ దాదాపు ఆగిపోతుంది.

రెండు ప్రతుల్లో ఒకదానిలోనే తప్పుంటే మనిషికి ఏమీ కాదు. కాస్త రక్తం తక్కువ అంటారు, ఇనుము మాత్రలు రాస్తారు, అంతే. చదువుతాడు, పని చేస్తాడు, ముసలివాడవుతాడు. అతన్ని కేరియర్ అంటారు. అది బీమారీ కాదు. మన దేశంలో సగటున వందలో ముగ్గురు నలుగురు ఇలాంటివాళ్లు ఉంటారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇద్దరు కేరియర్లు పెళ్లి చేసుకున్నప్పుడే ముష్కిల్. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకు రెండు ప్రతులూ తప్పువే వస్తాయి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదని కాదు, ప్రతిసారీ చీటీ కొత్తగా తీసినట్టే.

ఆ బిడ్డ పుట్టినప్పుడు బొద్దుగానే ఉంటుంది. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌కు బీటా దండ అక్కర్లేదు. అఖీఖా చేస్తాం, మిఠాయి పంచుతాం. కొన్ని నెలలకు బీటా వంతు వస్తుంది, కానీ బీటా రాదు. బిడ్డ పాలిపోతుంది. ఇక రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన రక్తంలోని ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీయడానికి మళ్లీ మందులు. ఎముక మజ్జ మార్పిడితో నయం చేయొచ్చు, కానీ సరిపోయే దాత దొరకాలి, డబ్బు ఉండాలి. రక్తం సంచీ కోసం తిరిగే అబ్బా, బిడ్డ చెయ్యి పట్టుకుని వార్డులో కూర్చునే అమ్మీ... వాళ్లను ఒకసారి చూసి రండి, తర్వాత ఐబ్ గురించి మాట్లాడుకుందాం.

దగ్గర రిష్తాలో ఈ భయం ఎందుకు ఎక్కువ? అమ్మాయికి దాదా, అబ్బాయికి నానా ఒక్కరే కాబట్టి. ఆయనలోనో దాదీలోనో ఆ అక్షరం ఉంటే రెండు దారుల్లోనూ కిందికి దిగవచ్చు. ఒకరు కేరియర్ అయితే, సొంత ఫుప్పూ, చాచా, మామూ, ఖాలా పిల్లలు కూడా కేరియర్ అయ్యే అవకాశం కనీసం ఎనిమిదింట ఒకటి. నేను దగ్గర రిష్తాలు మానేయమనడం లేదు. అది జాయిజ్. కానీ జాయిజ్ వేరు, కళ్లు మూసుకుని చేయడం వేరు. బయటి రిష్తా అయినా పరీక్ష కావాలి, దగ్గరిదైతే తప్పకుండా కావాలి.

"అంతా తక్దీర్" అంటారు కొందరు. తక్దీర్ మీద నాకూ ఈమాన్ ఉంది. కానీ ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయాలనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నది మనమే కదా! ఇరాన్‌లో 1997 నుంచి పెళ్లికి ముందు థలసీమియా పరీక్ష తప్పనిసరి. సౌదీ అరేబియాలో 2004 నుంచి తప్పనిసరి. అక్కడ ఫలితం చూసి నికాహ్ ఆపరు, తెలియజేస్తారు. నిర్ణయం వాళ్లిద్దరిదే. ఉమ్రాకు వెళ్లొచ్చి ఖర్జూరం, జమ్‌జమ్ పంచుతాం. ఈ మంచి అలవాటును మాత్రం ఎందుకు తేకూడదు?

ఇంకో మాట, ఇది ముఖ్యంగా మగవాళ్లకు. రిష్తా తెగితే పేరు పోయేది ఆడపిల్లదే. అందుకే ఆ తండ్రి భయపడ్డారు. నేను ఆయన్ని తప్పు పట్టను. కానీ ఒక్క కేరియర్ వల్ల థలసీమియా బిడ్డ పుట్టదు, ఇద్దరూ కావాలి. అబ్బాయికి కూడా పరీక్ష చేయించండి, ముందు అతనికే చేయించండి. అతనిలో ఏమీ లేదని తేలితే అమ్మాయి కేరియర్ అయినా నికాహ్‌కు అడ్డేమీ లేదు. అన్నింటికంటే మేలు, రిష్తా మాటలు రాకముందే, ఇంటర్ అయిపోయాక పిల్లలందరికీ చేయించి కాగితం ఇంట్లో దాచుకోవడం. అప్పుడు ఎవరి మీదా వేలు చూపినట్టు ఉండదు. సీబీసీతో పాటు హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష అని అడగండి. ఫలితం డాక్టర్‌తో చదివించుకోండి. పెళ్లయ్యాక, కడుపు పండాక తెలిస్తే ఎదురయ్యే సవాళ్లు చాలా కఠినం. అప్పుడు డాక్టర్‌నూ అడగాలి, ముఫ్తీ సాబ్‌నూ అడగాలి, రాత్రులు ఏడవాలి.

మస్జిద్ కమిటీలకు, ఖాజీ సాబ్‌లకు నా గుజారిష్ ఒక్కటే. నికాహ్‌నామా కోసం వచ్చినవాళ్లను ఆధార్ అడుగుతున్నారు, ఫొటోలు అడుగుతున్నారు. ఈ పరీక్ష అయిందా అని నోటి మాటగానైనా అడగండి. జుమా బయాన్‌లో ఏడాదికి ఒకసారి చెప్పండి. ఒళ్లు అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మీరే చెబుతారు. పుట్టబోయే బిడ్డ ఒళ్లు అంతకంటే పెద్ద అమానత్.

ఆ ఇంటి నుంచి పరీక్ష గురించి ఇంకా ఏ ఖబర్ లేదు. వలీమా హాలుకు మాత్రం బయానా ఇచ్చేశారట. మంగ్నీకి ఇంకా నెల ఉంది. రేపు అస్ర్ తర్వాత మళ్లీ వెళ్తున్నాను. దువా చేయండి.