ఒక్క రోజులో మూడు సాహసాలా?

రిషీకేశ్‌లో ఇప్పుడు ‘కాంబో’ల కాలం. పొద్దున శివపురి నుంచి గంగలో సుమారు 16 కిలోమీటర్ల రాఫ్టింగ్, మధ్యాహ్నం మోహన్‌చట్టిలో 83 మీటర్ల ఎత్తు నుంచి బంగీ, వెలుగుంటే జిప్‌లైన్ కూడా. డబ్బుకు గిట్టుబాటే, కాదనను. అయితే బంగీ టైముకు అందుకోవాలన్న తొందరలో ముందుగా కోతపడేది ఒడ్డున గైడ్ చెప్పాల్సిన పాఠమే: పడవ తిరగబడితే తాడు ఎలా పట్టుకోవాలి, నీళ్లలో పడితే వెల్లకిలా తేలి కాళ్లు ముందుకు ఎందుకు చాపాలి. దారిలో వచ్చే ‘గోల్ఫ్ కోర్స్’ లాంటి ఉధృత ప్రవాహాల్లో (ర్యాపిడ్స్) అక్కరకొచ్చేది అదొక్కటే. సెల్ఫీ స్టిక్కు కాదు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు, సరైన విధానం రూపొందేదాకా రాఫ్టింగ్ ఆపమన్నది ఊరికే కాదు. ఆ మరుసటేడే కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగింది; లైఫ్ జాకెట్ విలువ మనకు వేరొకరు చెప్పాలా? అందుకే నా ఓటు రోజుకొక్క సాహసానికే. కాదు, మూడూ కావాలంటారా? డబ్బు కట్టే ముందే అడగండి: పడవ వెంట రక్షణ కయాక్ వస్తుందా, గైడ్‌కు లైసెన్సుందా? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి.